గుమ్మడికాయలో రంపపు పొట్టు

హోబర్ట్ లివ్‌సే చెప్పిన ధరకు ఏ వస్తువూ కొని ఎరగడు. పెళ్ళి ఉంగరం దగ్గర కూడా బేరమాడాడని అతని భార్య వర్నీ ఇరవై నాలుగేళ్ళుగా చర్చి వంటగదిలో చెబుతూనే ఉంది. క్లించ్ కొండకు ఈ పక్క లోయలో పాత కారుకు ఏ ముక్క కావాలన్నా అతని రేకుల షెడ్డుకే రావాలి. కొన్నది ఏడాది తిరక్కుండా అమ్మెయ్యాలి, అమ్ముడుపోనిదాన్ని ముట్టుకోకూడదు. అతని మతం అదే. ఆదివారం చర్చికి వెళ్ళడం వర్నీ కోసం.

ఆ మతానికి లొంగనిది ఒక్కటే మిగిలింది: పంతొమ్మిది వందల డెబ్బై నాటి, షెవర్లే వాళ్ళ నీలం షెవెల్ కారు. బోనెట్టు మీద రెండు తెల్ల చారలు, దాని కింద లోయలో సగం కార్లను సిగ్గుపడేలా చేసే ఇంజను. పెళ్ళికి ముందు వర్నీని తిప్పింది ఆ బండిలోనే. ఎందరో అడిగారు. ఇవ్వలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ బండి వెనక ఇరుసు ఒక పక్క అరిగితే, తుక్కు యార్డు నుంచి ఇంకోటి ఏరుకొచ్చి బిగించాడు. కొత్తదేనని వర్నీతో చెప్పాడు. అదే వారం ఇద్దరూ కొండ దిగుతున్నారు. వర్నీ ఒళ్ళో పుట్టినరోజు కేకుంది. రెండో మలుపులో టప్‌మని చప్పుడైంది. తమ చక్రమే తమను దాటుకుని రోడ్డెంట దొర్లిపోవడం ఇద్దరూ చూశారు. చక్రంతో పాటు బ్రేకు డ్రమ్మూ ఊడిపోయింది, పెడలు నేలకంటింది. బండి రోడ్డంచు ఇనుప కంచెను రాసుకుంటూ పోయి పోయి ఆగింది. కంచె అవతల నేల లేదు.

వర్నీ కేకు తుడుచుకుంటూ దిగింది. విరిగిన ఇరుసు ముక్కను కాలితో తిప్పి చూసింది. దాని మీద తుక్కు యార్డు వాళ్ళు పసుపుపచ్చ మైనపు పెన్సిలుతో రాసిన ధర చెరగకుండా ఉంది. పన్నెండు.

"పన్నెండు డాలర్లు. నా వెల తెలిసింది హోబ్," అని నడుచుకుంటూ కొండ దిగింది. మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. హోబర్ట్ ఆ తర్వాత ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించాడు, సీట్లు కుట్టించాడు. ఆమె వాకిట్లో నిలబడి చూసి, తన పికప్ ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయేది.

ఈ ఏడాది చలికాలంలో వర్నీ తల్లి పోయింది. మార్చిలో ఒకరోజు గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే వర్నీ అంది: "మేలో సమాధుల అలంకరణ ఆదివారం. అమ్మకు మొదటిసారి పూలు పెడతాం. ఆ నీలం బండంటే అమ్మకు పిచ్చి ఇష్టం కదా."

హోబర్ట్ ఫోర్కు కింద పెట్టాడు.

"వెనకదంతా కొత్తది వేయించు. ఇరుసు, గేర్లు, బ్రేకులు. ఏరుకొచ్చింది కాదు. గేర్లు డెల్మర్ చేత పెట్టించు. అప్పుడు ఎక్కుతా."

డెల్మర్ ట్రెంట్ హోబర్ట్‌కు ముప్ఫయ్యేళ్ళ స్నేహితుడు. చర్చి పెద్దల్లో ఒకడు, డీకన్. పాటల్లో మంద్రస్వరం అతనిదే. గేర్లు కూర్చడంలో నాలుగు జిల్లాల్లో అతని తర్వాతే ఎవరైనా. వర్నీకి మొగుడి మాట మీద లేని గురి అతని చేతి మీద ఉంది. హోబర్ట్ దానికి నొచ్చుకోలేదు. సరుకు మంచిదైతే ముద్ర ఎవరిదైతేనేం అనుకున్నాడు.

చేయించబోయేది ఫోర్డు వాళ్ళ తరహా ఇరుసు. అందులో చక్రం దగ్గరే ఇరుసుకు పట్టీ బిగించి ఉంటుంది. లోపల విరిగినా చక్రం ఊడి పోదు. ఆ సంగతి టిఫిను దుకాణంలో పొక్కగానే, కాఫీ పోసే లూడీ కెటిల్ పట్టుకుని ఆగిపోయింది.

"షెవర్లేలో ఫోర్డు ఇరుసా? బాప్టిస్టు ఇంటికి కాథలిక్కు కోడలొచ్చినట్టుందయ్యా హోబ్!"

"కోడలు నిలకడగలదైతే ఏ చర్చిదైతే నీకేమిటి? కాఫీ పొయ్యి."

"కొత్తదే కొంటున్నావట. చెప్పిన ధరకే కొంటున్నావట. ఒంట్లో బాగుందా?"

దుకాణమంతా నవ్వింది. ఆ నవ్వులో డెల్మర్ కూడా ఉన్నాడు. బిస్కెట్ అనే మెత్తటి రొట్టె మీద గ్రేవీ పోసుకుంటూ హోబర్ట్ వైపు వంగాడు. "నిజం చెప్పు. ఎవడికి అమ్ముతున్నావు?"

"అమ్మడం లేదు. వర్నీ కోసం."

"అలాగే, అలాగే," అని డెల్మర్ కన్ను కొట్టాడు.

ఆ ఇరుసులో గేర్ల ముద్ద అంతా ఒకే గుండులా ఉంటుంది. బోల్టులు విప్పితే ముందు వైపు నుంచి మొత్తం ఊడి వస్తుంది. ఆ పనివాళ్ళు దాన్ని గుమ్మడికాయ అంటారు. దాని లోపల క్రౌన్, పినియన్ అని రెండు గేర్లు. తయారుచేసిన చోటే ఆ రెండింటినీ ఒకదానికొకటి నూరి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. అది జంట నంబరు. ఆ జంటను విడదీసి మరోదానితో కలిపితే ఎంత చేయి తిరిగినవాడు కూర్చినా కాపురం కుదరదు, కుక్కలా ఊళ పెడుతుంది.

డెల్మర్‌కు ఒక అలవాటుంది. గేర్ల పళ్ళకు పసుపుపచ్చ రంగు ముద్ద పూసి తిప్పుతాడు. పన్ను పన్నును ఎక్కడ తాకిందో ఆ ముద్దలో అచ్చుపడుతుంది. అచ్చు నడిమికి వచ్చేదాకా విప్పుతాడు, బిగిస్తాడు. కుదిరాక ఆ అచ్చును టేపుతో ఎత్తి ఒక అట్టముక్క మీద అంటించి, కింద జంట నంబరు రాసి, సంతకం చేసి ఇస్తాడు. ఆ కార్డున్న బండికి కొనేవాళ్ళు ఇంకేమీ అడగరు.

ఏప్రిల్ మొదటి గురువారం హోబర్ట్ కళ్ళెదుటే డెల్మర్ ఆ కార్డు రాశాడు. జంట నంబరు 318. బల్ల మీద గుమ్మడికాయ కొత్త నూనె వాసనేస్తోంది. "సోమవారం నేనే తెచ్చి బిగిస్తా. బరువుంటుంది, నీ నడుం సంగతి నాకు తెలుసు," అన్నాడు డెల్మర్. హోబర్ట్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళ వ్యాపారంలో సరుకును కళ్ళ ముందు నుంచి వదిలి కాగితం తెచ్చుకోవడం అతనికదే మొదలు. వర్నీ ఆ కార్డును కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, ఫ్రిజ్ తలుపు మీద కోడిపుంజు అయస్కాంతం కింద పెట్టింది.

సోమవారం డెల్మర్ వచ్చి గుమ్మడికాయ బిగించాడు, తనే నూనె పోశాడు. బ్రేకులు హోబర్ట్ స్వయంగా వేసుకున్నాడు. డిస్కులు, వాటిని పట్టే దవడలు, ఇనుప గొట్టాలు, అన్నీ పెట్టెలోంచి తీసినవే. గొట్టాల్లో గాలి తీసేటప్పుడు వర్నీయే వచ్చి పెడలు తొక్కింది. ఒక కాలు షెడ్డు నేల మీదే ఉంచి, పక్కగా కూర్చుని.

"తొక్కు. పట్టుకో. వదులు."

"ఎన్నిసార్లు?"

"బుడగలు ఆగేదాకా."

"తొమ్మిదేళ్ళవి ఉన్నట్టున్నాయి," అంది. అతను బండి కింద పడుకుని నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు.

కొత్త గేర్లను ఒక్కసారిగా తరమకూడదు. కాస్త తిప్పి చల్లారనివ్వాలి, మళ్ళీ తిప్పాలి. హోబర్ట్ రెండు వారాలు అలాగే ఒంటరిగా తిప్పాడు. చప్పుడు లేదు. బ్రేకు తొక్కితే బండి దారం కట్టి లాగినట్టు నిటారుగా ఆగింది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం చర్చి అయ్యాక తలుపు తీసి పట్టుకున్నాడు. వర్నీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కింది.

ఏటి పక్క రోడ్డు మీద మూడు మైళ్ళు బాగానే సాగింది. ఆమె ఒళ్ళో చేతులు విప్పి సీటు మీద పెట్టింది. నాలుగో మైలులో సన్నగా మొదలైంది. ముందు గాలేమో అనుకున్నాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పెరిగింది, తొక్కితే గొంతు మారింది. వెనక నుంచి ఊళ.

"ఆపు," అంది వర్నీ.

ఆపాడు. ఆమె దిగింది, తలుపు నెమ్మదిగానే వేసింది.

"ఈసారి ఎంతకు తెచ్చావు హోబ్?"

"వర్నీ, కొత్తవి. నువ్వే చూశావు, కార్డు..."

"కార్డు చూశాను. గేర్లు చూళ్ళేదు. ఇరుసు కూడా అప్పుడు చూళ్ళేదు." నాలుగు మైళ్ళూ ఆదివారపు చెప్పులతో నడిచి ఇంటికెళ్ళింది. అతను పక్కనే మెల్లగా నడుపుతూ పిలిచినా తల తిప్పలేదు. బండి ఊళ పెడుతూ ఆమె పక్కన పాకింది.

షెడ్డులో బండి జాకీల మీదికెక్కించి, నూనె పోసే రంధ్రం మూత తీసి చిటికెన వేలు పెట్టాడు. నూనె చిక్కగా, గింజలు గింజలుగా వచ్చింది. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. రంపపు పొట్టు.

హోబర్ట్ అక్కడే నేల మీద కూర్చున్నాడు. అరిగిన గేర్లున్న బండి అమ్మాలంటే నూనెలో రంపపు పొట్టు కలిపి పొయ్యాలి. పొట్టు పళ్ళ మధ్య మెత్తగా ఇరికి ఊళను మింగేస్తుంది. కొన్నవాడు ఇల్లు చేరేదాకా, అదృష్టముంటే ఇంకో నెల దాకా. ఆ విద్య హోబర్ట్‌దే. ఇరవై రెండేళ్ళ కిందట వర్జీనియా నుంచి భార్యతో వచ్చిన ఒకతనికి అలాగే ఒక బండి అంటగట్టాడు. ఆ రోజు పొట్టు జల్లెడ పట్టింది డెల్మర్. వాళ్ళు మలుపు తిరిగాక ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

బోల్టులు విప్పి గుమ్మడికాయను దించాడు. నడుం కలుక్కుమంది, లెక్కచెయ్యలేదు. గుడ్డతో తుడిచి, చిన్న అద్దం పెట్టి చూశాడు. క్రౌను మీద 207. పినియన్ మీద 64. ఎన్నడూ ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగని రెండు గేర్లు.

డెల్మర్ షెడ్డు ముందు ట్రెయిలర్ మీద మట్టి ట్రాకు పందెం కారు ఒకటి ఉంది. దాని పక్క రేకు మీద కొత్త రంగుతో, ఇంకా తడి మెరుపుతో: "గేర్లు: డెల్మర్ ట్రెంట్." హోబర్ట్ ఆ అక్షరాలు చదివి, కారు కిందికి వంగి చూసి, లోపలికెళ్ళాడు. పొట్టు నూనె పూసుకున్న చేతిని డెల్మర్ ముక్కు కింద పెట్టాడు.

"ఇదేంటో చెప్పు."

డెల్మర్ గుడ్డ తీసి తన చేతులు తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నాయి.

"కార్డు రాసిన వారమే, శనివారం పందెం ఉంది హోబ్. ఆ కారువాడి గేర్లు పగిలిపోయాయి. కొత్తవి రావాలంటే మూడు వారాలు. కారు మీద నా పేరు రాస్తానన్నాడు. మూడు రాష్ట్రాల్లో చూస్తారన్నాడు."

"నా గేర్లు తీసి వాడికిచ్చావా?"

"మళ్ళీ తెప్పించి మార్చేద్దామనుకున్నా."

"ఈలోగా పొట్టు పోశావు."

"నువ్వు నేర్పిందే కదరా!" అని నవ్వబోయి ఆగాడు. "నువ్వు అమ్మేదానికే అనుకున్నా. నువ్వు అమ్మంది ఏముంది చెప్పు? ఎవడో ముక్కూమొహం తెలియనివాడు కొంటాడు, ఎవడి దారిన వాడు పోతాడు అనుకున్నా."

"వర్నీ కోసమని చెప్పాను నీకు."

"బేరం ముందు నువ్వు చెప్పేవన్నీ నేనెప్పుడు నమ్మాను హోబ్? నువ్వు నా మాటలు నమ్మావా?"

"కార్డు నమ్మాను."

"కార్డు అబద్ధం కాదు," అన్నాడు డెల్మర్ రోషంగా. "రాసినప్పుడు లోపలున్నది అదే. కార్డు మీద జన్మలో అబద్ధం రాయలేదు నేను."

హోబర్ట్ చేతిలో పానా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"వర్నీ ఎక్కింది డెల్మర్. తొమ్మిదేళ్ళకు ఎక్కింది. నువ్వొచ్చి ఆమెతో చెప్పు."

"గుమ్మడికాయ వెనక్కి తెస్తా. ఈ రాత్రికే విప్పిస్తా. పళ్ళు చూసి, నీ ముందే కొత్త కార్డు రాస్తా. కావాలంటే పక్కన ఇంకోటి ఉచితంగా కూర్చి ఇస్తా."

"నేనడిగింది అది కాదు."

"డీకన్నిరా నేను! వర్నీతో చెబితే అది చర్చి వంటగదిలో చెప్పినట్టే. ఏమైనా అడుగు, అది అడక్కు."

సరుకు తిరిగొస్తోంది, మాట రావడం లేదు. జీవితంలో ఎన్నో బేరాలు చేసిన హోబర్ట్ ఎటు తిప్పినా తను నష్టపోయే బేరం ముందు మొదటిసారి నిలబడ్డాడు. పేరు పోతుందని ఒకడు భయపడుతున్నాడు. తనకు పోవడానికి పేరే లేదు.

318 జంట తిరిగొచ్చింది. ఈసారి ప్రతి బోల్టూ తనే బిగించాడు. నూనె తనే పోశాడు. కొండ ఎక్కి దిగి, మూడు వందల మైళ్ళు తిప్పాడు. ఊళ లేదు. "ఇప్పుడు బాగుంది వర్నీ," అన్నాడు. "సంతోషం," అంది ఆమె, బఠాణీలు ఒలుస్తూ.

అలంకరణ ఆదివారం వర్నీ పికప్‌లో కాగితప్పూలు, వంటకాలు పెట్టుకుని ముందు వెళ్ళింది. అతను నీలం బండిలో వెనక వెళ్ళాడు. కొండ అవతల వర్నీ వాళ్ళ సమాధుల గట్టు మీద జనం అప్పటికే గడ్డి కోసి, పూలు గుచ్చి, చెట్ల కింద పొడుగు బల్లలు వేశారు. పాడేవాళ్ళలో డెల్మర్ ఉన్నాడు. పాటలయ్యాక వర్నీ చేసిన అరటిపండు పుడ్డింగు గిన్నెను దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. వర్నీయే అతనికి చెంచా ఇచ్చింది.

తల్లి సమాధి దగ్గర ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు హోబర్ట్ వెళ్ళాడు.

"వెళ్ళేటప్పుడైనా నాతో రా."

"డెల్మర్ చెప్పాడులే," అంది వర్నీ. "పోయిన బుధవారం ప్రార్థనప్పుడు. పాత గేర్లే వెయ్యమని నువ్వే పట్టుబట్టావట. కార్డు మాత్రం కొత్తవాటికి రాయమన్నావట. స్నేహితుడివని కాదనలేకపోయాడట. మనసు ఒప్పుకోక, సొంత ఖర్చుతో మంచివి వేయించాడట. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం."

హోబర్ట్‌కు గేర్లు దొంగిలించడం వరకు అర్థమైంది. అవసరముంది, అవకాశముంది, తీశాడు. ఇది ఏ లెక్కకూ అందలేదు.

"వర్నీ, వాడు నా గేర్లు పందెం కారుకు వేసి, వేరేవి పెట్టి పొట్టు పోశాడు. వేలు పెట్టగానే తెలిసింది నాకు, రంపపు పొట్టని."

"వేలు పెట్టగానే ఎలా తెలిసింది?"

చెబితే ఒక నష్టం, చెప్పకపోతే ఒక నష్టం. ఏది తక్కువో చూసుకునే ఓపిక హోబర్ట్‌కు పోయింది.

"ఎందుకంటే ఆ విద్య నాది. వర్జీనియా నుంచి ఒకతను పెళ్ళాంతో వచ్చాడు, నువ్వు వాళ్ళకు నిమ్మరసం కూడా ఇచ్చావు. అతని బండిలో పోశాను. డెల్మర్ జల్లెడ పట్టాడు."

"ఆమె ఒళ్ళో పసిపిల్ల ఉంది," అంది వర్నీ.

"ఉంది."

వర్నీ లేచి, గౌను దులుపుకుని, బల్ల దగ్గరికి నడిచింది. డెల్మర్ ఎదుట నిలబడింది. డెల్మర్ చెంచా నోటి దగ్గర ఆగిపోయింది.

"కార్డు మీద నేను నిజమే రాశాను వర్నీ!" అన్నాడు.

కార్డు మాట ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. వర్నీ పుడ్డింగు గిన్నె అతని ముందు నుంచి తీసుకుంది.

"ఇంకా తింటున్నా..."

"తిన్నది చాలు డెల్మర్."

గిన్నె పట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. హోబర్ట్ గబగబా ముందుకెళ్ళి నీలం బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

"నమ్ముతున్నా హోబ్," అంది వర్నీ. "నువ్వు చెప్పింది ప్రతి ముక్కా నమ్ముతున్నా."

"మరి ఎక్కు."

"ఆ వర్జీనియా ఆమె కూడా ఇలాగే మొగుడు తలుపు తీస్తే, బిడ్డనెత్తుకుని ఎక్కి కూర్చుని ఉంటుంది." గిన్నెను పికప్ సీటు మీద పెట్టి, సీటు బెల్టుతో కట్టి, ఇంజను వేసింది.

కొండ దిగుతుంటే రెండో మలుపులో ఇనుప కంచె మీద నీలం గీత ఇంకా కనిపించింది. హోబర్ట్ అక్కడ బ్రేకు తొక్కాడు. బండి ఎటూ లాగకుండా, ఎంత కావాలో అంతలో ఆగింది. ఇంజను కట్టేసి, కిటికీ దించాడు. దారంతా వెనక నుంచి ఊళ రాలేదు, గరగర రాలేదు. పక్క సీటు కుట్లు ఎండలో కొత్తగా మెరుస్తున్నాయి.

ముందు బయల్దేరినా పాల కోసం దారిలో దుకాణం దగ్గర ఆగినట్టుంది, పికప్ అతని వెనక నుంచి వచ్చింది. మలుపులో వేగం తగ్గించి, కంచె వైపు ఒకసారి చూసి, అతన్ని దాటుకుని దిగువకు వెళ్ళిపోయింది.